బేసిను కింద రెండడుగుల జాగా

(గండిమైసమ్మలో జరిగిన సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను ఓ ఇరవై నిమిషాలు మాట్లాడమన్నప్పుడు డి.ఏ. బకాయిల గురించో, ఆరోగ్య కార్డుల గురించో చెబుతాననుకొని ఉంటారు. వాటి మీద నాకంటే బాగా మాట్లాడేవారు ఈ హాల్లోనే పదిమంది ఉన్నారు. నేను బాత్‌రూములో ముఖం కడుక్కునే బేసిను గురించి, దాని కింద పెట్టించే చిన్న అల్మారా గురించి, ఆ అల్మారాలో దాగి ఉండే పైపుల గురించి మాట్లాడతాను. నవ్వేవారు నవ్వండి. నేనూ ఒకప్పుడు నవ్వినవాడినే. ఆ అల్మారాలోని మూరెడు పైపు మా ఆవిడ కుడి మణికట్టు విరగడానికి కారణమైంది కాబట్టి ఇప్పుడు నవ్వడం లేదు.

జరిగింది చెబుతాను. 2019లో ఇక్కడే, చౌరస్తాకు కొంచెం లోపలగా, గ్రాట్యుటీ డబ్బు పెట్టి ఇల్లు కట్టుకున్నాం. అన్నీ దగ్గరుండి చేయించాను. సిమెంటు బస్తాలు లెక్కపెట్టాను, గోడలకు నీళ్ళు కొట్టాను. పైపులు వేసే రోజున ప్లంబరు అడిగాడు, “సార్, బేసిను ఎట్లాంటిది పెడ్తరు?” అని. “అది తర్వాత చూద్దాంలే, ముందు పాయింట్లు పెట్టేయి” అన్నాను. “సరే సార్, మామూలుగ పెడ్త” అని పెట్టేశాడు. నా మొత్తం కథ ఆ “తర్వాత చూద్దాంలే” అన్న మాటలో ఉంది.

ఆరు నెలల తర్వాత గృహప్రవేశం దగ్గర పడుతుంటే పిల్లలు ముచ్చటపడి గ్రానైటు బండ, దాని మీద బేసిను, కింద మూడు సొరుగుల అల్మారా కావాలన్నారు. వడ్రంగి వచ్చాడు. గోడలో నీళ్ళ పాయింట్లు నేల నుంచి 16 అంగుళాల ఎత్తులో, బేసిను మధ్య నుంచి ఒక అడుగు పక్కకు ఉన్నాయి. సరిగ్గా రెండో సొరుగు వెనక. “ఏం గాదు సార్, సొరుగు వెనక కటింగు పెడ్త” అన్నాడు. పెట్టాడు. చూడ్డానికి అల్మారా బ్రహ్మాండంగా ఉంది. వచ్చిన చుట్టాలందరూ మెచ్చుకున్నారు.

2022 ఏప్రిల్‌లో ఒక రాత్రి, రెండు గంటలప్పుడు, బాత్‌రూములో వాన కురుస్తున్నట్టు చప్పుడు. వెళ్ళి చూస్తే అల్మారా సందుల్లోంచి నీళ్ళు బయటికి కొడుతున్నాయి. యాంగిల్ కాక్‌కూ, కొళాయికీ మధ్య ఉండే కనెక్షన్ పైపు నట్టు దగ్గర తెగింది. కాక్ కట్టేయాలంటే రెండు సొరుగులు ఊడదీయాలి. నీళ్ళకు చెక్క ఉబ్బి సొరుగు రావడం లేదు. గేటు వాల్వు మేడ మీద ట్యాంకు దగ్గర ఉంది. నేను టార్చి పట్టుకొని మెట్లెక్కాను. ఆ లోగా మా ఆవిడ లేచి, ఏమైందోనని వచ్చి, తడి టైలు మీద జారింది. చెయ్యి ఆనించి పడింది. ఆరు వారాలు కట్టు. తుంటి ఎముక కాకుండా మణికట్టుతో పోయింది, అంతవరకూ మా అదృష్టం.

ట్యాంకులో వెయ్యి లీటర్లు ఉన్నాయి. తెగిన అరంగుళం పైపు నిమిషానికి పది లీటర్లు వదిలినా ఆ ట్యాంకు ఖాళీ కావడానికి గంటా నలభై నిమిషాలు పడుతుంది. వేసవిలో మన వైపు బోర్లు ఎలా ఎండుతాయో, ట్యాంకరు కోసం ఎలా ఎదురుచూస్తామో మీకు చెప్పనక్కర్లేదు. కాని ఆ రాత్రి నాకు నీళ్ళ బాధ లేదు. ముప్పైమూడేళ్ళు డ్రాయింగు లేనిదే ఒక్క బోల్టు కూడా బిగించని ఫ్యాక్టరీలో పనిచేసి వచ్చి, సొంత ఇంట్లో మాత్రం డ్రాయింగు లేకుండా గోడ పగలగొట్టించానే అన్న సిగ్గు ఉంది.

తర్వాత తీరిగ్గా టేపు పెట్టి కొలిచాను. కాక్ 16 అంగుళాల ఎత్తులో ఉంది. కొళాయి కింది కొస 29 అంగుళాల ఎత్తులో ఉంది. తేడా 13. పక్కకు 12. బడిలో చదువుకున్న కర్ణం లెక్క వేస్తే దూరం పదిహేడున్నర అంగుళాలు దాటుతుంది. బిగించిన పైపు పొడవు 18. అంటే వంపు తిరగడానికి దానికి అరంగుళం కూడా మిగల్లేదు. నట్టు దగ్గర మెడ విరిచినట్టు వంగి, మూడేళ్ళు లాగిపట్టుకొని నిలబడి, చివరికి తెగింది. అందులో పైపు తప్పు లేదు. ప్లంబరు తన పని చేశాడు, వడ్రంగి తన పని చేశాడు, టైల్సు మేస్త్రీ తన పని చేశాడు. ముగ్గురినీ కలిపి చూడవలసినవాడిని నేను. నేను చూడలేదు.

ఇక పనికొచ్చే విషయానికి వస్తాను. ఇల్లు కట్టబోయేవారూ, బాత్‌రూము మార్పించబోయేవారూ కాస్త కాగితం, పెన్సిలు తీయండి.

మొదటి మాట: వరుస తిప్పాలి. మనం ముందు పైపులు, తర్వాత టైల్సు, ఆ తర్వాత బేసిను, చివరికి అల్మారా అనుకుంటాం. పని జరిగే వరుస అదే కాని, నిర్ణయించే వరుస దానికి తలకిందులుగా ఉండాలి. ముందు అల్మారా ఎలాంటిదో, తలుపులా సొరుగులా అన్నది తేల్చుకోవాలి. దాన్నిబట్టి బేసిను, దాన్నిబట్టి కొళాయి, ఆఖరికి పైపు. దుకాణంలో బేసిను కొనేటప్పుడు దాని కొలతల కాగితం అడిగి తెచ్చుకోండి. ఆ కాగితం ప్లంబరు చేతిలో పడ్డాకే గోడకు ఉలి తగలాలి.

రెండవది మట్టం. ప్లంబరు వచ్చేనాటికి నేల ఇంకా పచ్చి కాంక్రీటు. దాని మీద వాటర్‌ప్రూఫింగు, మసాలా, టైలు కలిసి రెండు మూడు అంగుళాలు లేస్తుంది. పచ్చి నేల నుంచి 18 అంగుళాలు కొలిచి పెట్టిన పాయింటు, టైల్సు పడ్డాక 15 అంగుళాల దగ్గర తేలుతుంది. అందుకని టైలు పై మట్టం ఎక్కడికి వస్తుందో ముందే తేల్చి, దానికి సరిగ్గా ఒక మీటరు ఎత్తున నాలుగు గోడల మీదా రసమట్టంతోనో, నీళ్ళ గొట్టంతోనో ఒక గీత కొట్టించండి. ప్రతి కొలతా ఆ గీత నుంచే తీయించండి. గోడ మందం కూడా అంతే. ప్లాస్టరింగు, టైలు కలిసి గోడ ఒక అంగుళానికి పైగా ముందుకొస్తుంది. పాయింటు లోపలికి పోతే కాక్‌కు ఎక్స్‌టెన్షన్లు తగిలించాలి. ఎన్ని అతుకులుంటే అన్ని కారే చోట్లు.

మూడవది, కొలతలు. ఇవి మామూలు ఎత్తు మనుషులకు, మామూలు బేసినుకు సరిపోయేవి. మీ బేసినును బట్టి కొంచెం అటూ ఇటూ అవుతాయి.

బేసిను పై అంచు టైలు నుంచి 32 లేదా 33 అంగుళాలు ఉండాలి. ఇక్కడ ఒక చిక్కు ఉంది. బండ మీద కూర్చోబెట్టే గిన్నె లాంటి బేసిను అయితే దాని ఎత్తు ఐదారు అంగుళాలు ఉంటుంది. బండను 33 దగ్గర పెట్టి పైన గిన్నె పెడితే, పొట్టివారు ముఖం కడుక్కుంటుంటే మోచేతుల మీదుగా నీళ్ళు కారతాయి. బండను 27, 28 దగ్గరకు దించాలి.

మురికినీళ్ళు పోయే పాయింటు బేసినుకు సరిగ్గా మధ్యలో, టైలు నుంచి సుమారు 18 అంగుళాల ఎత్తులో ఉండాలి. దాని లెక్క ఇది. అంచు 33 దగ్గరుంటే బేసిను అడుగు 26 ప్రాంతానికి వస్తుంది. దాని కింద వేస్ట్ కప్లింగు మూడు నాలుగు అంగుళాలు. అక్కడ మొదలవుతుంది బాటిల్ ట్రాప్. ట్రాప్ నుంచి బయటికి పోయే గొట్టం 20 ప్రాంతంలో ఉంటుంది. గోడలోని రంధ్రం దానికంటే ఎత్తులో ఉందంటే నీళ్ళు ఎక్కవు. కొంచెం కిందే ఉంటే ట్రాప్‌ను దించుకోవచ్చు. అందుకే 18. గోడలో పోయే ఆ గొట్టానికి అడుగుకు పావు అంగుళం వాలు ఉండాలి. మేస్త్రీ భాషలో రెండు సూతులు.

నీళ్ళు వచ్చే రెండు పాయింట్లు మధ్య గీతకు అటు నాలుగు, ఇటు నాలుగు అంగుళాలు, అంటే రెండింటి మధ్యా ఎనిమిది, ఎత్తు 22. వేడినీళ్ళు ఎడమ పక్క, చల్లనీళ్ళు కుడి పక్క. ఇది ఎక్కడికి వెళ్ళినా ఉండే కట్టుబాటు. మన ఇంట్లో తారుమారైతే అలవాటున్న మనకు ఫరవాలేదు, రాత్రి పూట వచ్చిన చుట్టం చెయ్యి కాలుతుంది. 60 డిగ్రీల నీళ్ళు కొద్ది సెకన్లలోనే చర్మాన్ని కాలుస్తాయి, వయసు మళ్ళినవారి పలచని చర్మాన్ని ఇంకా త్వరగా. గీజరు 50 దగ్గర పెట్టుకుంటే చాలు.

నాల్గవది, అల్మారా. బేసిను కింద మధ్య భాగానికి తలుపులే పెట్టించండి. సొరుగులు కావాలంటే పక్కల పెట్టించండి. అల్మారాను నేల మీద నిలబెట్టవద్దు. మన బాత్‌రూముల్లో నేల తడవకుండా ఉండదు. గోడకు బ్రాకెట్ల మీద, నేలకు ఎనిమిది పది అంగుళాలు ఎత్తున వేలాడేలా చేయిస్తే కింద తుడుచుకోవచ్చు, చుక్క కారినా వెంటనే కనబడుతుంది. ప్లైవుడ్ కొనేటప్పుడు మీద ఐ.ఎస్. 710 అని ముద్ర ఉందో లేదో చూడండి. అది నీటికి తట్టుకునే మెరైన్ ప్లై. ఐ.ఎస్. 303 అని ఉన్నది మామూలు రకం. పైకి రెండూ ఒకేలా ఉంటాయి, నీళ్ళు తగిలాక తేడా తెలుస్తుంది. నాది ఏ రకమో ఆ రాత్రి తెలిసింది.

ఐదవది, పైపు. మన చిన్నతనాన జి.ఐ. పైపులు వేసేవారు. తుప్పు పట్టి, బోరు నీళ్ళ సున్నం పేరుకొని లోపల వేలు దూరనంత అయ్యేవి. ఇప్పుడు వేడికీ చల్లకూ సి.పి.వి.సి. వేస్తున్నారు, దాని ప్రమాణం ఐ.ఎస్. 15778. ఏదైనా సరే, గోడ పూడ్చకముందు కొసలన్నీ మూసి, చేతి పంపుతో ప్రెజరు ఎక్కించి ఒక రాత్రంతా ఉంచి, ముల్లు దిగిందో లేదో చూడాలి. ఆ మర్నాడు పైపుల పక్కన టేపు పరిచి, అంకెలు కనబడేలా ఫోటోలు తీయండి. రేపు అద్దం బిగించడానికో, చేతికి పట్టుకునే కమ్మీ వేయడానికో డ్రిల్లింగు చేసేవాడికి ఆ ఫోటోయే దారి చూపుతుంది. లేకపోతే వాడి డ్రిల్లు సరిగ్గా పైపునే వెతుక్కుంటుంది.

ఇన్ని కొలతలు గుర్తుండవు అనుకునేవారికి ఒక సులువు. ప్లాస్టరింగు కాని గోడ మీద సుద్దముక్కతో అసలు సైజులో బొమ్మ గీయండి. బండ, బేసిను, ట్రాప్, తలుపులు అన్నీ. ప్లంబరునూ వడ్రంగినీ ఒకే పూట పిలిచి ఆ బొమ్మ ముందు నిలబెట్టండి. వారిద్దరూ పది నిమిషాలు వాదించుకుంటారు. ఆ పది నిమిషాల వాదనతో మీకు పదేళ్ళ బాధ తప్పుతుంది.

ఇక ట్రాప్ సంగతి. దీన్ని చాలామంది చెత్త ఆపే జాలీ అనుకుంటారు. కాదు. అందులో రెండంగుళాల ఎత్తున నీళ్ళు ఎప్పుడూ నిలబడి ఉంటాయి. డ్రైనేజీలోని దుర్వాసన, బొద్దింకలు ఇంట్లోకి రాకుండా ఆపే తలుపు ఆ నీరే. గొట్టాన్ని ఎస్ ఆకారంలో వంచి నీళ్ళు నిలబెట్టే ఈ ఉపాయానికి 1775లో లండన్‌లో అలెగ్జాండర్ కమింగ్ అనే ఆయన పేటెంటు తీసుకున్నారు. ఆయన వృత్తి గడియారాలు చేయడం. చాలా ఇళ్ళలో బాటిల్ ట్రాప్ లేకుండా ముడతల పైపు ఒకటి తగిలించి తిన్నగా నేలలోకి దూర్చేస్తారు. ఆ ముడతల్లో సబ్బు మురికి పేరుకుంటుంది, నీళ్ళు ఎక్కడా నిలబడవు. వాసన ఎక్కడిదా అని మనం అగరువత్తులు వెలిగిస్తాం.

2003లో హాంకాంగ్‌లో అమోయ్ గార్డెన్స్ అనే అపార్ట్‌మెంట్ల సముదాయంలో సార్స్ జ్వరం మూడు వందల మందికి పైగా సోకింది. కారణాలు వెతికినవారు బాత్‌రూము నేలలోని ట్రాపులు చాలా ఇళ్ళలో ఎండిపోయి ఉన్నాయని కనుక్కున్నారు. నీటి తలుపు తెరిచి ఉండటంతో, ఎగ్జాస్టు ఫ్యాను పీల్పుకు మురికి గొట్టంలోని తుంపర ఇళ్ళలోకి వచ్చింది. ఇది మనకెందుకంటే, మనలో సగంమంది ఏటా ఆరు నెలలు పిల్లల దగ్గరికి అమెరికాకో ఆస్ట్రేలియాకో వెళ్ళి వస్తున్నాం. తాళం వేసిన ఇంట్లో వేసవికి ట్రాపులన్నీ ఎండుతాయి. వెళ్ళే రోజున ప్రతి బేసినులో, ప్రతి నహానీ ట్రాప్‌లో ఒక చెంబెడు నీళ్ళు పోసి, పైన రెండు చెంచాల నూనె వేయండి. నూనె తెట్టు నీరు ఆవిరి కావడాన్ని బాగా తగ్గిస్తుంది. ట్యాంకు దగ్గర వాల్వు కట్టేయండి. రాగానే తలుపులు కిటికీలు తీసి, ట్రాపుల్లో మళ్ళీ నీళ్ళు పోసి, ఆ తర్వాతే ఫ్యాను వేయండి.

“ఇదంతా కొత్తగా కట్టుకునేవారికి, మా ఇళ్ళు కట్టి ఇరవై ఏళ్ళయింది” అని వెనక వరసలో అంటున్నారు. నిజమే. మీరు గోడ పగలగొట్టనక్కర్లేదు. ఈ రాత్రి ఇంటికి వెళ్ళి బేసిను కింద టార్చి వేసి చూడండి. కనెక్షన్ పైపు తీగలా బిగిసి ఉందా, నట్టు దగ్గర మడత పడిందా, తుప్పు మరక ఉందా? ఉంటే పొడవైన పైపు వేయించండి. బాగున్నా నాలుగైదేళ్ళకోసారి మార్చండి, దాని ఖర్చు ఒక పూట హోటలు భోజనమంత కూడా కాదు. యాంగిల్ కాక్‌లను రెండు నెలలకోసారి కట్టి విప్పండి. మన బోరు నీళ్ళ సున్నానికి కదపని కాక్ పట్టేస్తుంది, అవసరం వచ్చిన రోజున తిరగదు. కొళాయి సెకనుకు ఒక చుక్క కారుతుంటే పట్టించుకోం. ఇరవై చుక్కలు ఒక మిల్లీలీటరు అనుకుంటే రోజుకు నాలుగు లీటర్లకు పైగా, నెలకు సుమారు 130 లీటర్లు పోతుంది. మోకాళ్ళ నొప్పులతో కుర్చీలో కూర్చుని కడుక్కోవలసినవారు ఇంట్లో ఉంటే, అల్మారానే తీయించేసి కింద 27 అంగుళాలు ఖాళీగా ఉంచి, ట్రాప్‌ను గోడ వైపుకు జరిపించండి. వేడినీళ్ళ గొట్టానికి ఏదైనా తొడుగు వేయించండి, కాళ్ళకు తగలకుండా.

మా ఇంట్లో మళ్ళీ ఎలా చేయించానో చెప్పి ముగిస్తాను. గోడ పగలగొట్టి, నేను చెప్పిన కొలతల ప్రకారం పాయింట్లు మార్చాం. బాత్‌రూము బయట, చేతికందే ఎత్తులో, ఆ ఒక్క గదికే వేరుగా ఒక వాల్వు పెట్టించాను. అంతా అయ్యాక ప్లంబరు డబ్బులకు నిలబడ్డాడు. అప్పుడు మా ఆవిడ కట్టుతోనే వచ్చింది. “ఆగు నాయనా” అని, కుడి చెయ్యి మెడకు వేసిన గుడ్డలో ఉండగా, తలుపు తీసి ఎడమ చేత్తో కాక్ కట్టింది, విప్పింది. ఏదీ జరపకుండా, వంగి కూర్చోకుండా, ఒక్క చేత్తో. “ఇప్పుడు ఇవ్వండి డబ్బులు” అంది.

కొలతలన్నీ మరిచిపోయినా ఆ పరీక్ష ఒక్కటి మరిచిపోకండి. ఇంట్లో అందరికంటే బలహీనంగా ఉన్న మనిషి, చీకట్లో, ఒక్క చేత్తో, నిమిషంలోపల నీళ్ళు ఆపగలగాలి. మనవలకూ, పనిమనిషికీ కూడా ఆ వాల్వు ఎక్కడుందో చూపించి ఉంచండి.

గండి అంటే ఏమిటో ఈ ఊళ్ళో ఉన్నవారికి చెప్పనక్కర్లేదు. చెరువు కట్ట తెగిన చోటు. కట్టలను మైసమ్మ తల్లి కాస్తుందని మన పల్లెల్లో పెద్దల నమ్మకం. కాని కట్ట మీద తిరిగి ఎక్కడ ఊట పడుతోందో చూసుకునే నీరటివాడు కూడా ప్రతి ఊళ్ళోనూ ఉండేవాడు. మన ఇంటి కట్టకు నీరటివాళ్ళం మనమే. ఉద్యోగం నుంచి విశ్రాంతి దొరికింది కాని, ఈ పని నుంచి ఇంకా దొరకలేదు.